లెక్కకు అందని మనిషి
సమాజ పరిశోధనా పద్ధతుల బలాబలాలపై ఒక పరిశీలన

కరవు భత్యం రెండు శాతం పెరిగిందా, మూడు శాతం పెరిగిందా అని ఆరు నెలలకొకసారి మన కార్యాలయాలలో, లోకో షెడ్లలో, సార్టింగు గదులలో చర్చ జరుగుతూనే ఉంటుంది. బజారులో ధరలు మండిపోతుంటే సూచిక ఇంత మెల్లగా ఎందుకు కదులుతున్నదని ఆగ్రహం వ్యక్తమవుతుంది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. కాని ఆ సూచిక ఎవరి వంటింటి నుండి పుట్టింది, ఎవరిని అడిగి దానిని తయారు చేశారు, ఎవరిని అడగకుండా వదిలివేశారు అన్న ప్రశ్న మనలో ఎంతమందిమి వేసుకున్నాము?

మన భత్యానికి ఆధారం పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచిక. దానిని లేబర్ బ్యూరో తయారు చేస్తుంది. ఆ అంకెకు వెనుక ఉన్నది కార్మిక కుటుంబాల ఆదాయ వ్యయాలపై జరిగిన ఒక సామాజిక సర్వే. 1960 ఆధార సంవత్సరంగా గల సూచికలో ఆహారానికి ఇచ్చిన ప్రాధాన్యం సుమారు 61 శాతం. అది 1982 వరుసలో 57కు, 2001 వరుసలో 46కు, 2016 వరుసలో 39కి దిగింది. అనగా బియ్యం, పప్పు, నూనె ధరలు పెరిగినప్పుడు సూచిక ఇదివరకటి కంటె తక్కువగా స్పందిస్తుంది. ఇంటి అద్దె, చదువు, వైద్యం ఖర్చులు పెరిగినందున ఈ మార్పులో కొంత వాస్తవం లేకపోలేదు. కాని ఏ కార్మికుని ఇంటిలో పెరిగినవి? సర్వే పరిధిలోకి తీసుకున్నవి ఏడు రంగాలు: ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వేలు, ప్రజా మోటారు రవాణా, విద్యుత్తు, ఓడరేవులు. ఈ ఏడింటికి వెలుపల బ్రతికేవాని కంచం ఆ సగటులోకి రాదు.

మరొక ఉదాహరణ. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ అవసరాల ప్రాతిపదికపై కనీస వేతనానికి సూత్రాలు నిర్ణయించింది. కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించాలన్నది వాటిలో ఒకటి. సంపాదించేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిసి మూడు యూనిట్లు. వృద్ధులైన తల్లిదండ్రులు ఆ లెక్కలో లేరు. మన ఇళ్లలో ఉన్నారు, లెక్కలో లేరు. ఏడవ వేతన సంఘం కూడా కనీస వేతనాన్ని నిర్ణయించడానికి ఈ సూత్రాన్నే ఆధారంగా తీసుకున్నది. 2025లో ఎనిమిదవ వేతన సంఘం నియమితమైన ఈ దశలో, కుటుంబం అనే మాటకు ఇచ్చిన నిర్వచనం ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక సమాజశాస్త్ర పరిశోధనా పద్ధతులను గురించిన చర్చ పండితులకు విడిచిపెట్టవలసినది కాదు. దాని ఫలితం నెలనెలా మన జీతపు చీటీ మీద అచ్చవుతున్నది. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే: ప్రతి పద్ధతికీ ఒక చూపు ఉన్నది, దానితోపాటే ఒక గుడ్డితనమూ ఉన్నది. ఒక పద్ధతి ఎవరిని వదలివేస్తుందో తెలిసినవాడు మాత్రమే దాని ఫలితాన్ని సరిగా చదవగలడు. ఈ విషయాన్ని వివరించడానికి సూరత్ ప్రాంతం కంటె మంచి ఉదాహరణ లేదు. ఆ నగరానికి వెళ్లే శ్రామికులను రైలు ఉద్యోగులు మోశారు. అక్కడి నుండి ఇళ్లకు వచ్చిన సొమ్మును తపాలా ఉద్యోగులు పంచారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వెళ్లిన పద్మశాలి నేతపనివారు అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. పైగా అరవై సంవత్సరాలకు పైబడి సమాజశాస్త్రవేత్తలు ఎడతెగక పరిశీలించిన ప్రాంతమది.

ఊరా, పట్టణమా?

సూరత్ నగరం నుండి హజీరాకు వెళ్లే మార్గంలో, తాపీ నదికి కుడి ఒడ్డు వైపున ఇచ్ఛాపూర్ అనే ఊరు ఉన్నది. పేరు వినగానే మన రైల్వే సోదరులకు శ్రీకాకుళం జిల్లా చివరనున్న ఇచ్ఛాపురం స్టేషను గుర్తుకు రావచ్చు. ఆ పోలిక యాదృచ్ఛికమే అయినా అర్థవంతమైనది. మన ఇచ్ఛాపురం దాటగానే వచ్చే గంజాం జిల్లా నుండి పెద్ద సంఖ్యలో యువకులు సూరత్ మరమగ్గాలకు వెళుతున్నారు. ఒక ఇచ్ఛాపురం పక్కన బయలుదేరిన మనిషి మరొక ఇచ్ఛాపూర్ పక్కన పనిచేస్తున్నాడు. ఈ రెండింటి మధ్య అతడు ఏ లెక్కలో ఉన్నాడన్నదే మన ప్రశ్న.

2001 జనాభా లెక్కలు గుజరాత్‌లోని ఈ ఇచ్ఛాపూర్‌ను ‘సెన్సస్ టౌన్’గా, అనగా జనగణన దృష్టిలో పట్టణంగా పేర్కొన్నాయి. మునిసిపాలిటీ లేకపోయినా ఒక ఊరిని జనగణన పట్టణంగా పరిగణించడానికి మూడు షరతులు ఉన్నవి: జనాభా కనీసం 5,000, చదరపు కిలోమీటరుకు జనసాంద్రత కనీసం 400, పనిచేసే పురుషులలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర వృత్తులలో ఉండడం. హజీరాలో ఎరువులు, గ్యాస్, ఉక్కు పరిశ్రమలు వెలసినవి. ఇచ్ఛాపూర్‌లోనే పారిశ్రామికవాడ ఏర్పడింది. ఊరు చేనును విడిచి యంత్రం వైపు నడిచిందన్న సత్యాన్ని ఈ నిర్వచనం పట్టుకోగలిగింది. పరిపాలన ఇంకా పంచాయతీ అని పిలుస్తున్న చోటును జనగణన పట్టణమని గుర్తించగలగడం ఈ పద్ధతికి ఉన్న బలం.

కాని మూడవ షరతును మరల చదవండి. ‘పనిచేసే పురుషులు’. స్త్రీలు ఏ పని చేస్తున్నా, ఊరు పల్లె అవుతుందా పట్టణమవుతుందా అన్న తీర్పులో వారికి పాత్ర లేదు. నిర్వచనం రచించినవారికి దురుద్దేశం ఉన్నదని ఆరోపించడం ఇక్కడ ఉద్దేశం కాదు. స్త్రీల పని సంవత్సరానికొక తీరుగా నమోదవుతున్నదని, పురుషుల పని నిలకడగా నమోదవుతున్నదని వారు భావించి ఉండవచ్చు. అయినా ఫలితమొక్కటే. కొలవడానికి సులభమైనది లెక్కలో నిలిచింది. కొలవడానికి కష్టమైనది జారిపోయింది.

అందరినీ లెక్కించడం

జనగణనకు ఉన్న గొప్ప బలం దాని సర్వవ్యాప్తి. 1881 నుండి 2011 వరకు పదేళ్లకొకసారి తప్పకుండా జరిగిన ఈ లెక్క ధనికుని మేడను, కూలివాని గుడిసెను ఒకే పట్టికలో పెట్టింది. 2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు గణకులు ఇంటింటికీ తిరిగారు. ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ప్లాట్‌ఫారాల మీద, వంతెనల క్రింద వెదికి లెక్కించారు. ఇంతటి బృహత్కార్యాన్ని చులకన చేయడం తగదు.

అయితే జనగణన మనిషిని ఇంటితో ముడివేసి చూస్తుంది. సూరత్‌లోని మెస్ గదిని తలచుకోండి. పన్నెండు గంటల పగటి పాళీ వాడు లేచి వెళ్లగానే రాత్రి పాళీ వాడు వచ్చి అదే చాప మీద పడుకుంటాడు. గణకుడు తలుపు తట్టినప్పుడు గదిలో సగంమందే ఉంటారు. ఉన్నవారు నిద్రలో ఉంటారు. లేనివారి వివరాలు ఎవరు చెప్పాలి? మెస్ నడిపేవాడా? ఇంటి యజమానా? అద్దెకు ఎంతమందిని పెట్టుకున్నాడో దాచవలసిన అవసరం యజమానికి ఉండవచ్చు.

ఒకే ప్రశ్న మీద ఆధారపడితే ఎటువంటి పొరపాటు జరుగుతుందో సూరత్ తెలుగువారి విషయంలో స్పష్టమవుతుంది. ‘పుట్టిన చోటు’ ఆధారంగా వలస వచ్చినవారిని లెక్కిస్తే, సూరత్‌లోనే పుట్టిన తెలుగు నేతకార్మికుని కొడుకు వలసవాడు కాడు. అతడు గుజరాత్ వాడే. ‘మాతృభాష’ ఆధారంగా లెక్కిస్తే అతడు తెలుగువాడు. రెండూ సత్యమే. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోను ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ఆ బడుల అవసరాన్ని పుట్టిన చోటు చెప్పలేదు, మాతృభాష చెప్పగలదు. ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క దీపం. ఒక దీపం వెలుగులో కనిపించనిది మరొక దీపం వెలుగులో కనిపిస్తుంది.

అంకెలు మాత్రమే చాలవన్న సంగతి జనగణన అధికారులకు తెలియనిది కాదు. 1961 జనగణన సందర్భంగా ఆంధ్రప్రదేశ్‌తో సహా అన్ని రాష్ట్రాలలో ఎంపిక చేసిన గ్రామాలపై వివరమైన గ్రామ సర్వే గ్రంథాలు వెలువడినవి. పట్టిక చెప్పలేని దానిని కథనం చెప్పాలని వారు గ్రహించారు.

ఒక్క మెతుకు పట్టి చూడడం

అందరినీ అడగడానికి కాలం పడుతుంది, వ్యయమూ అధికం. కాబట్టి కొందరిని అడిగి అందరిని గురించి చెప్పే నమూనా సర్వే పద్ధతి వచ్చింది. మహలనోబిస్ కృషితో 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైనది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న మన ఇల్లాండ్ర జ్ఞానమే దీనికి మూలం. సక్రమంగా ఎంచుకున్న కొన్ని వేల కుటుంబాలు కోట్ల కుటుంబాలను గురించి చెప్పగలవు. అంతేకాదు, తమ అంచనాలో పొరపాటుకు ఎంత అవకాశమున్నదో కూడా ఈ పద్ధతి ముందే చెప్పగలదు. ఈ వినయం మరి ఏ పద్ధతిలోను ఇంత స్పష్టంగా లేదు.

కాని మెతుకు ఉపమానం ఒక షరతు మీద నిలుస్తుంది. కుండలో అన్నం ఒకే తీరుగా కలిసి ఉండాలి. అడుగున మాడినది, పైన పలుకుగా ఉన్నది అయితే పైమెతుకు అబద్ధం చెబుతుంది. సమాజం సమంగా కలిసిన కుండ కాదు. పైగా మెతుకు తీసేది కుండలో నుండే కదా. కుండ బయట చెదిరిపడిన గింజలను ఎవరు చూస్తారు? సర్వేకు ఎంచుకొనే జాబితాలో లేని మనిషి ఎంత శాస్త్రీయమైన ఎంపికలోనూ రాడు.

వలసకూలీ విషయంలో నిర్వచనం ఎంత పనిచేస్తుందో చూడండి. 1999-2000 నాటి జాతీయ నమూనా సర్వే స్వల్పకాలిక వలసను ‘60 రోజులు లేదా అంతకు మించి, ఆరు నెలల లోపు’ అని నిర్వచించింది. 2007-08 సర్వేలో అది ‘30 రోజులు లేదా అంతకు మించి, ఆరు నెలల లోపు’ అయినది. నలభై అయిదు రోజులు చెరకు నరకడానికి వెళ్లి వచ్చిన కూలి మొదటి సర్వేలో వలసవాడు కాడు, రెండవ సర్వేలో వలసవాడు. అతని జీవితంలో మార్పేమీ లేదు. కాగితం మీది గీత కదిలింది. ఈ రెండు సర్వేల అంకెలను పక్కపక్కన పెట్టి వలస పెరిగిందనో, తగ్గిందనో ప్రసంగించే ముందు ఈ గీతను గమనించాలి.

అడిగే తీరు కూడా సమాధానాన్ని మార్చివేస్తుంది. మగ్గాల షెడ్డులో, మేస్త్రీ నిలబడి వింటుండగా, నీకు కూలి సక్రమంగా ముడుతున్నదా అని అడిగితే ముడుతున్నదనే చెబుతాడు. అదే మనిషి సాయంత్రం టీ బంకు వద్ద మరొక మాట చెబుతాడు. ప్రశ్నావళిలో రెండవ జవాబుకు గడి లేదు. చీరలకు లేసు కుట్టే గృహిణిని నీవు పని చేస్తావా అని అడిగితే, లేదు, ఇంట్లోనే ఉంటాను అంటుంది. ఆమె అబద్ధమాడలేదు. పని అనే మాటకు సమాజం ఆమెకు నేర్పిన అర్థమది. 1998-99లో గుజరాత్‌తో సహా ఆరు రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా జరిగిన కాలవినియోగ సర్వే ఈ చిక్కును మరొక విధంగా విప్పింది. పని చేస్తావా అని అడగడానికి బదులు, నిన్న ఉదయం నుండి రాత్రి వరకు ఏ గంటలో ఏమి చేశావో చెప్పమన్నది. అప్పుడు ఆమె గంటలు లెక్కలోకి వచ్చినవి. దేశమంతటా ఇటువంటి సర్వే జరగడానికి 2019 వరకు ఆగవలసి వచ్చింది.

వారి మధ్య నివసించి చూడడం

మూడవ పద్ధతి పరిశోధకుడు తానే వెళ్లి ప్రజల మధ్య నివసించడం. మన తెలుగునాట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట. శ్యామచరణ్ దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో ఆ ఊరిని పరిశీలించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే గ్రంథం ప్రచురించారు. ఒక ఊరిలో కులాల మధ్య, ఇళ్ల మధ్య, ఇంటిలోని మనుషుల మధ్య సంబంధాలు ఎట్లా నడుస్తున్నవో అది చూపింది. ఈ పద్ధతి ‘ఎంత’ అన్న ప్రశ్నకు కాక ‘ఎట్లా’ అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. గ్రంథం పేరు భారత గ్రామం. చూసినది ఒక్క శామీర్‌పేట. ఆ పేరుకూ ఆ ఊరికీ మధ్య ఉన్న దూరమే ఈ పద్ధతి బలహీనత.

దక్షిణ గుజరాత్‌లో ఈ పద్ధతిని అసాధారణమైన ఓర్పుతో సాగించిన వ్యక్తి నెదర్లాండ్స్ దేశస్థుడైన యాన్ బ్రేమన్. 1960ల ఆరంభంలో ఆయన ఆ ప్రాంతపు రెండు గ్రామాలలో అనావిల్ బ్రాహ్మణ భూస్వాములకు, దుబ్లా లేక హళపతి అని పిలువబడే వ్యవసాయ కూలీలకు మధ్య ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేశారు. అప్పు పేరుతో కూలీని యజమానికి కట్టివేసిన ‘హాలీ’ పద్ధతి ఎట్లా నడిచిందో, ఎట్లా శిథిలమైనదో ఆయన 1974లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆయన ఒక్కసారి చూసి వెళ్లిపోలేదు. దశాబ్దాల తరబడి అదే ప్రాంతానికి తిరిగి వచ్చారు. పొలం విడిచి చెరకు కోతకు, ఇటుక బట్టీకి, సూరత్ మరమగ్గానికి వెళ్లిన మనుషుల వెంట తానూ నడిచారు. 1996లో వెలువడిన ‘ఫుట్‌లూజ్ లేబర్’ గ్రంథం ఆ నడక ఫలితం. ఊరిలో కూర్చున్న పరిశోధకునికి ఊరు విడిచిన మనిషి కనిపించడు. మనిషి వెంట వెళ్లినవానికి కనిపిస్తాడు.

ఇంకొక విషయంలోను బ్రేమన్ ఆదర్శప్రాయుడు. క్షేత్ర పరిశోధనలోని పక్షపాతాన్ని గురించి ఆయన 1985లో ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాశారు. ఊరికి వచ్చిన చదువుకున్నవానికి కుర్చీ వేసేది ఎవరు? భోజనం పెట్టేది ఎవరు? సాధారణంగా భూమి ఉన్నవాడే. కూలివాడికి మాట్లాడే తీరిక లేదు, ధైర్యమూ లేదు. కాబట్టి ప్రయత్నపూర్వకంగా కూలివాడ వైపు నడవని పరిశోధకుడు తనకు తెలియకుండానే యజమాని కళ్లతో ఊరిని చూస్తాడు. మధ్యస్థంగా ఉన్నాననుకునేవాడు నిజానికి ఎవరి అరుగు మీద కూర్చున్నాడో చూసుకోవాలి.

చెప్పేదీ చేసేదీ

సూరత్‌లోని సామాజిక అధ్యయన కేంద్రాన్ని స్థాపించిన ఐ. పి. దేశాయి చేసిన కృషి మన తపాలా సోదరులు తెలుసుకోదగినది. 1970ల ఆరంభంలో ఆయన గుజరాత్ గ్రామాలలో అంటరానితనం ఏ మేరకు మిగిలి ఉన్నదో పరిశీలించారు. గ్రంథం 1976లో వెలువడింది. మీరు అంటరానితనం పాటిస్తున్నారా అని ఒకే ప్రశ్న వేసి ఊరుకుంటే, పాటించడం లేదన్న జవాబుతో పుస్తకం నిండేది. చట్టం నిషేధించిన దానిని ఎవరు ఒప్పుకుంటారు? అందువలన ఆయన ఒక పెద్ద ప్రశ్నను అనేక చిన్న స్థలాలుగా విడగొట్టారు. బడిలో పిల్లలు ఎట్లా కూర్చుంటున్నారు? బస్సులో ఏమి జరుగుతున్నది? తపాలా సేవలో ఏ తీరు నడుస్తున్నది? బావి వద్ద, గుడి వద్ద, దుకాణం వద్ద, ఇంటి గడప వద్ద సంగతి ఏమిటి?

ఇట్లా విడగొట్టి చూచినప్పుడు ఒక క్రమం బయటపడింది. రాజ్యం నేరుగా నిర్వహించే కొత్త తరహా స్థలాలలో, అనగా బడిలోను, తపాలా సేవలోను, అంటరానితనం గణనీయంగా తగ్గింది. ఇంటి గడప వద్ద, గుడి వద్ద బలంగా నిలిచి ఉన్నది. తపాలా బంట్రోతు ప్రతి ఇంటికీ ఒకే విధంగా ఉత్తరం అందించడం ఎంతటి సామాజిక కార్యమో ఈ పరిశోధన పరోక్షంగా చెప్పింది. ప్రశ్నను ఎట్లా వేయాలో తెలిసిన పద్ధతికి ఇది నిదర్శనం. పాతికేళ్ల తరువాత ఘనశ్యామ్ షా ఇదే విషయాన్ని మరల పరిశీలించడం వలన కాలంతోపాటు వచ్చిన మార్పును పోల్చి చూడడానికి వీలు కలిగింది.

మన చేతి రాత

ఇక నాలుగవ ఆధారం మన రిజిస్టర్లు. పరిశోధన కోసం కాక, పని కోసం వ్రాసినవి. టికెట్ల లెక్క, మనియార్డరుల లెక్క ఈ కోవకు చెందినవి. వలస వెళ్లిన కొడుకు పంపే సొమ్ముతో బ్రతికే కొండ ప్రాంతాలకు ‘మనియార్డరు ఆర్థిక వ్యవస్థ’ అన్న పేరే వచ్చింది. ఆ కాగితపు ఫారం స్థానంలో ఈనాడు ఎలక్ట్రానిక్ పద్ధతులు వచ్చినవి. కాని ఒకనాడు ఏ ఊరి మనుషులు ఏ పట్నంలో ఉన్నారో పోస్టుమాస్టరుకు తెలిసినంతగా కలెక్టరుకు తెలియదు.

రైల్వే లెక్కలను ఈ విధంగా వినియోగించిన ప్రయత్నం 2016-17 ఆర్థిక సర్వేలో జరిగింది. 2011 నుండి 2016 వరకు రిజర్వేషను లేని టికెట్లతో ప్రయాణించినవారి రాకపోకల ఆధారంగా, రాష్ట్రాల మధ్య సంవత్సరానికి సగటున సుమారు 90 లక్షల మంది వలస వెళుతున్నారని అది అంచనా వేసింది. బుకింగు కౌంటరులో మన గుమాస్తా ఇచ్చిన టికెట్టు జనగణన చెప్పలేనిదానిని చెప్పింది! ఇక్కడ అడిగేవాడు లేడు, జవాబు చెప్పేవాడు భయపడవలసినదీ లేదు. ఇదీ రిజిస్టరు బలం.

అయినా రిజిస్టరు కూడా సంపూర్ణ సత్యం కాదు. టికెట్టుకు ప్రయాణం తెలుసు, ప్రయోజనం తెలియదు. పెళ్లికి వెళ్లేవాడు, తీర్థానికి వెళ్లేవాడు, కూలికి వెళ్లేవాడు ఒకే జనరల్ పెట్టెలో కూర్చుంటారు. బస్సులో వెళ్లినవాడు ఈ లెక్కలోకి రాడు. వెళ్లినవారి నుండి తిరిగి వచ్చినవారిని తీసివేసి నికర సంఖ్యను చూస్తే, ఏడాదిలో వెళ్లి అదే ఏడాదిలో తిరిగివచ్చిన చెరకు కూలి కూడికలోను తీసివేతలోను కరిగిపోతాడు. ఎవరి కష్టం అన్నిటి కంటె చంచలమైనదో వాడే మాయమవుతాడు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు కొద్ది రోజులలో లక్షల మంది నగరం విడిచి పారిపోయారు. 2020లో కరోనా కాలంలో అదే దృశ్యం దేశమంతటా కనిపించింది. ఆ సంవత్సరం మే 1న మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆగస్టు చివరి నాటికి 4,621 రైళ్లు 63 లక్షలకు పైగా ప్రయాణికులను చేరవేసినవి. ఈ లెక్క రైల్వే వద్ద ఉన్నది. ఆ రైళ్లలో సెప్టెంబరు 9 నాటికి 97 మంది మరణించారని రైల్వే మంత్రి రాజ్యసభకు తెలియజేశారు. కాని లాక్‌డౌన్‌లో ఇళ్లకు తిరిగి వస్తూ మొత్తం ఎందరు వలస కార్మికులు మరణించారని లోక్‌సభలో అడిగినప్పుడు, అటువంటి వివరాలు సేకరించలేదని 2020 సెప్టెంబరు 14న కార్మిక మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. నష్టపరిహారం ఇవ్వాలన్నా జాబితా కావాలి. రైలెక్కినవాడు లెక్కలో ఉన్నాడు. పట్టాల వెంట నడిచినవాడు లేడు. పరిశోధనా పద్ధతిలోని లోపం మనిషి ప్రాణానికి వెల కట్టే చోటికి వచ్చి నిలిచింది.

రెండు అభ్యంతరాలు

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: అంకెలు ఎప్పుడూ పాలకుల చేతి సాధనాలే, మనకు వాటితో పని ఏమి? ఈ మాట వినడానికి బాగున్నా ఆచరణలో మనకే నష్టం. అంకెను నమ్మవద్దన్న సంఘం చర్చల బల్ల వద్ద వట్టి చేతులతో కూర్చుంటుంది. వేతన సంఘం ముందు వాదించవలసి వచ్చినప్పుడు ధరల పట్టికను మించిన సాక్షి లేదు. అంకెను తిరస్కరించరాదు, ప్రశ్నించాలి.

రెండవది: నేను ముప్పయి ఏళ్లుగా ప్లాట్‌ఫారం మీద ఉన్నాను, నాకు తెలియని వలస ఏమున్నది? అనుభవం విలువైనదే. కాని ప్లాట్‌ఫారం మీద ఉన్నవానికి రైలుకు వచ్చినవారే కనిపిస్తారు, రాలేకపోయినవారు కనిపించరు. కౌంటరు వద్ద ఉన్నవానికి సొమ్ము పంపినవాడే తెలుసు. పంపడానికి సొమ్ము మిగలనివాడు తెలియడు. మన అనుభవం కూడా ఒక నమూనాయే. దానికీ పరిమితి ఉన్నది.

మనం చేయవలసినది

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా తదుపరి జనగణన జరుగుతుందని 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించింది. పదహారు సంవత్సరాల విరామం తరువాత వస్తున్న లెక్క ఇది. కులగణన కూడా ఇందులో భాగం. బదిలీల మీద వేరే రాష్ట్రంలో ఉన్న రైలు, తపాలా ఉద్యోగులు తమ మాతృభాషను, తమ ఇంటి స్త్రీల పనిని సరిగా నమోదు చేయించడం మొదటి కర్తవ్యం. ఇంట్లోనే ఉంటుంది అన్న ఒక్క మాటతో భార్య శ్రమను చెరిపివేయకూడదు.

ఏ నివేదిక మన ముందుకు వచ్చినా, అది ప్రభుత్వానిదైనా, విశ్వవిద్యాలయానిదైనా, మన సంఘానిదే అయినా, అయిదు ప్రశ్నలు వేయడం అలవరచుకోవాలి. ఎవరిని అడిగారు? ఎవరిని అడగలేదు? ఏ మాటకు ఏ నిర్వచనం ఇచ్చారు? అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు? ఇంతకుముందటి లెక్కతో పోల్చడానికి నిర్వచనం మారకుండా ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల నివేదికను, దాని తీర్పు మనకు ప్రతికూలంగా ఉన్నా, గౌరవించాలి. చెప్పలేని నివేదికను, అది మనకు అనుకూలంగా ఉన్నా, అనుమానించాలి. ఈ రెండవ మాట పాటించడం కష్టం. సంఘాలకు మరీ కష్టం.

మన శాఖలు స్వయంగా సర్వేలు చేసినప్పుడు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. సభ్యులను మాత్రమే అడిగి కార్మికుల పరిస్థితి అని శీర్షిక పెట్టరాదు. స్టేషనులో కాంట్రాక్టరు క్రింద ఊడ్చేవారిని, గ్రామీణ డాక్ సేవకులను, పెట్టెలు శుభ్రం చేసే స్త్రీలను అడగాలి. వారి భాషలో అడగాలి, పైవాడు వినని చోట అడగాలి. పేరు బయటపెట్టబోమని మాట ఇచ్చి నిలుపుకోవాలి. తేలిన ఫలితాన్ని మొదట వారికే చదివి వినిపించాలి. తమను గురించి వ్రాసినది తప్పు అని చెప్పే హక్కు వారికి ఉండాలి. సర్వేకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

జనగణన మనిషిని చోటుతో గుర్తిస్తుంది. నమూనా సర్వే అతనిని నిర్వచనంతో, క్షేత్ర పరిశోధన ముఖంతో, రిజిస్టరు కదలికతో గుర్తిస్తాయి. నాలుగింటిని కలిపి చదివినప్పుడే ఒక పూర్తి మనిషి రూపం కొంతవరకైనా ఏర్పడుతుంది. గంజాంలో రైలెక్కి, సూరత్ మెస్ గదిలో పడుకొని, ఇచ్ఛాపూర్ వైపు పనికి నడిచే ఆ మనిషి ఇంటి వద్ద లేడు, సూరత్‌లో స్థిరపడలేదు, టికెట్టు మీద అతని పేరు లేదు. కాని అతడున్నాడు. లెక్క తప్పినది అతనిది కాదు, మనది. ఆ తప్పును సరిదిద్దే పనిలో, టికెట్టు ఇచ్చే చేతికీ, ఉత్తరం అందించే చేతికీ పాత్ర ఉన్నది.